గ్రహణానికి నల్లద్దం అమ్మను

పోయిన మంగళవారం పొద్దున్నే షట్టరు ఎత్తాను, ఇంకా అగరొత్తి కూడా వెలిగించలేదు, పాతపట్నం వైపు నుంచి ఒక పెద్దాయన మోపెడ్ మీద వచ్చి దిగారు. "బాబూ, గ్రహణం అద్దం ఉందేటి? మనవలకీ నాకూ కలిపి ఓ అయిదు ఇయ్యి" అన్నారు. మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో హార్డ్‌వేర్ షాపు. మేకులు, బోల్టులు, కుళాయిలు, పెయింట్లు, వెల్డింగ్ సామాను, ఇలాంటివన్నీ ఉంటాయి. గ్రహణం అద్దం అని కంపెనీ వాడు ఏదీ తయారుచేయడు గానీ ఆయన అడిగింది ఏమిటో నాకు తెలుసు. వెల్డర్లు హెల్మెట్‌లో బిగించుకునే నల్లద్దం. రెండంగుళాల వెడల్పు, నాలుగంగుళాల పైచిలుకు పొడవు, కాగితంలో చుట్టి వస్తుంది. ఒడియా వాళ్ళయితే "పరాగ కాచ" అని అడుగుతారు. మాటేదైనా అడిగేది అదే అద్దం.

"ఏ గ్రహణం తాతా?" అంటే జేబులోంచి ఫోను తీసి చూపించారు. ఆగస్టు 2న ఆరు నిమిషాలు లోకమంతా చీకటైపోతుందట, మళ్ళీ వందేళ్ళకి గానీ రాదట.

ఆ మెసేజి నాకు కొత్త కాదు. నిరుడు ఇదే మా ఫ్యామిలీ గ్రూపులో తిరిగింది, మా చిన్నాన్న దాని కింద మూడు దండాలు కూడా పెట్టారు. ఆ ఆరు నిమిషాల గ్రహణం నిజమే, కాకపోతే అది 2027 ఆగస్టు 2న. దక్షిణ స్పెయిన్, మొరాకో మీదుగా ఈజిప్టు, సౌదీ దాకా పోతుంది, లక్సర్ దగ్గర 6 నిమిషాల 23 సెకన్ల పాటు సూర్యుడు పూర్తిగా మూసుకుపోతాడు. లోకమంతా కాదు, 250 కిలోమీటర్ల పైచిలుకు వెడల్పున్న చారలో ఉన్నవాళ్ళకే చీకటి. మన దేశంలో ముంబయి, గుజరాత్ వైపు వాళ్ళకి సాయంత్రం పూట సూర్యుడిలో ఒక ముక్క తెగినట్టు కనిపిస్తుంది, అదీ ఆగస్టు మబ్బులు దయతలిస్తే. ఈ ఏడాది, అంటే 2026లో, ఉన్నది ఆగస్టు 12న. ఐస్‌లాండ్, స్పెయిన్ వాళ్ళకి సంపూర్ణ గ్రహణం, కానీ అక్కడ నడిమధ్యకి వచ్చేసరికి ఇక్కడ మనకి రాత్రి పదకొండు దాటిపోతుంది. సూర్యుడే లేనప్పుడు ఇక అద్దమెందుకు?

ఇదంతా చెప్పాను. "సరే, ఎప్పుడో అప్పుడు వస్తాది కదా, ఇంట్లో ఉంటే పనికొస్తాది, ఇయ్యి" అన్నారు. లేవన్నాను. నా వెనక అరలో ఇరవై దాకా ఉన్నాయి, ఆయనకి కనిపిస్తూనే ఉన్నాయి. "మరవేటి?" అన్నారు. "అవి వెల్డింగుకి తాతా." ఆయన నా వంక చూసిన చూపు ఉంది చూశారూ, బేరం తగ్గించని వాణ్ణి కూడా ఎవరూ అలా చూడరు.

గ్రహణానికి ఈ అద్దం అమ్మకూడదని నేను ఒట్టేసుకుని పదహారేళ్ళవుతోంది. అడిగిన ప్రతివాళ్ళకీ కౌంటరు దగ్గర ఈ కథంతా చెప్పడం కుదరదు, వెనక సిమెంటు బస్తా వాడు హారన్ కొడుతూ ఉంటాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, తీరిగ్గా.

2010 జనవరి 15, కనుమ. మా వైపు కనుమ అంటే మినపగారెలు, కోడికూర, వేరే మాట లేదు. ఆ ఏడాది కనుమ, అమావాస్య, సూర్యగ్రహణం మూడూ ఒక్కరోజే వచ్చి కూర్చున్నాయి. ఊరంతా చిరాగ్గా ఉంది. రామేశ్వరం, ధనుష్కోడి వైపు సూర్యుడు ఉంగరంలా కనిపించాడు, మాకు మధ్యాహ్నం వేళ సగానికి పైగా మూసుకుపోయాడు. మబ్బు తునక లేదు. టీవీలో ముందు రోజు నుంచీ చూపిస్తున్నారు కాబట్టి కుర్రాళ్ళంతా మా షాపు మీద పడ్డారు. నాన్న పండక్కి ఇంట్లో ఉన్నారు, కౌంటర్లో నేనొక్కణ్ణే. పదకొండో నంబరు అద్దాలు (నంబరు పెరిగేకొద్దీ నలుపు ఎక్కువ) ఓ నలభై ఉంటే పది గంటలకల్లా అయిపోయాయి. పద్నాలుగో నంబరు మేం తెప్పించనే తెప్పించం, ఇక్కడ ఎవరూ కొనరు. ఇంక మిగిలినవి గ్యాస్ కటింగ్ కళ్ళజోళ్ళలో వేసే అయిదో నంబరు గాజులు. అవీ నల్లగానే ఉంటాయి, ఆకుపచ్చ నలుపు. "రెండు కలిపి పెట్టుకో, అయిదూ అయిదూ పది" అని నేనే చెప్పి అమ్మాను. లెక్క తేలిగ్గా ఉంది, గల్లా నిండుతోంది, పైగా సైన్సు సేవ చేస్తున్నానని లోపల కొంచెం గర్వం కూడా.

మూడో రోజు ఒక కుర్రాడు వచ్చాడు. బైక్ మెకానిక్ షెడ్డులో పనిచేసేవాడు, మాకు రోజూ వచ్చే గిరాకీయే. డ్రిల్లు బిట్టు కావాలన్నాడు, ఇచ్చాను. ప్యాకెట్ మీద సైజు అంకెలు చూసుకుంటూ కొంచెం పక్కకి తిప్పాడు, మళ్ళీ తిప్పాడు, కోడి గింజని చూసినట్టు తల వంచి వారగా చూశాడు. "ఏటైంది?" అన్నాను. "ఏ అంకె మీద చూపు పెడితే ఆ అంకె పోతంది అన్నా. పక్కవి కనబడతన్నాయి." కుడి కన్ను. గ్రహణం రోజు నా దగ్గర కొన్న రెండు అయిదో నంబరు గాజులు పెట్టుకుని, ఒక కన్ను మూసి, "బాగా కనిపించిందని" చాలాసేపు చూశాడట. నొప్పి ఏమన్నా వచ్చిందా అంటే లేదన్నాడు. మర్నాడు పొద్దున లేచాక తెలిసిందట. కంటి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఎండ దెబ్బకి రెటీనా, అంటే కంటి లోపలి తెర, మధ్యలో కాలిందన్నారు, దీనికి ప్రత్యేకంగా మందంటూ లేదు, చాలామందికి నెలల్లో కొంత తగ్గుతుంది, కొందరికి ఉండిపోతుంది అన్నారు. ఆరు నెలలకి చాలావరకు తగ్గిందన్నాడు వాడు. పూర్తిగా తగ్గిందా అని ఇప్పటికీ నేను అడగలేదు. అడగాలంటే భయం.

తర్వాత కూర్చుని ఆ నంబర్ల సంగతి తెలుసుకున్నాను. ఇన్నేళ్ళు అమ్ముతూ అప్పటిదాకా తెలుసుకోకపోవడం నా సిగ్గు. వెల్డింగ్ గాజుకి ఒక్కో నంబరు పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు రెండున్నర రెట్లకు పైగా తగ్గుతుంది. అయిదో నంబరులోంచి నూటికి సుమారు రెండు పాళ్ళు వస్తుంది. రెండు అయిదులు కలిపితే పది కాదు, తొమ్మిది. రెండు నంబర్లు కలిపి అందులోంచి ఒకటి తీసేయాలి, అదీ లెక్క. సూర్యుణ్ణి చూడ్డానికి కనీసం పన్నెండు ఉండాలి, పద్నాలుగైతే మంచిది. అంటే తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య మూడు మెట్లు, ఆ కుర్రాడి కంట్లోకి పోవలసినదానికంటే పంతొమ్మిది రెట్లు ఎక్కువ వెలుతురు పోయింది. పదకొండో నంబరు కూడా చాలదు. మామూలు ఆర్క్ వెల్డర్లు వాడేది పది, పదకొండే. కాబట్టి "వెల్డింగ్ అద్దంతో చూడొచ్చు" అనే మాట టీవీలో విని మీ ఊరి వెల్డింగ్ షాపుకి పోతే, అక్కడ దొరికేది తొంభై పాళ్ళు తక్కువ నంబరే. అద్దం మూలన నంబరు సన్నగా చెక్కి ఉంటుంది, వెలుతురికి అడ్డంగా పెట్టి చూస్తే కనిపిస్తుంది, పాతబడిన వాటి మీద అదీ అరిగిపోయి ఉంటుంది. నంబరు కనపడకపోతే ఆ అద్దం మీకు పనికిరాదు. ఇప్పుడు వస్తున్న ఆటోమేటిక్ హెల్మెట్లయితే అసలే వద్దు, అవి ఆర్క్ మెరుపుని చూసి నల్లబడేవి, సూర్యుణ్ణి చూసి నల్లబడతాయన్న గ్యారంటీ లేదు.

నొప్పి రాకపోవడమే దీనిలో అసలు మోసం. చెయ్యి కాలితే చురుక్కుమంటుంది, వెనక్కి లాగేస్తాం. రెటీనాకి నొప్పి తెలిసే నరాలే లేవు. మామూలు రోజున సూర్యుడి వంక అర క్షణం కూడా చూడలేం, కన్ను దానంతటదే మూసుకుంటుంది. గ్రహణం నాడు ముప్పావు వంతు మూసుకున్నాక మిరుమిట్లు తగ్గి చూడబుద్ధవుతుంది, కంటిపాప కూడా పెద్దదవుతుంది, కానీ మిగిలిన ఆ పావువంతు ముక్క ఎప్పటి సూర్యుడే, వాడి వేడి ఏమీ తగ్గలేదు. సరిగ్గా ఎక్కడ చూపు పెట్టామో అక్కడే, చదవడానికి, మొహాలు గుర్తుపట్టడానికి వాడే ఆ నడిమి చుక్కలోనే కాలుతుంది. పిల్లల కళ్ళు ఇంకా స్వచ్ఛంగా ఉంటాయి కాబట్టి వాళ్ళకి ఇంకా ఎక్కువ దెబ్బ.

నేనేమీ నీతులు చెప్పేవాణ్ణి కాదు. 1995 అక్టోబరు 24, దీపావళి వెళ్ళిన మర్నాడు పొద్దున, నాకు పదమూడేళ్ళు. ఆ గ్రహణం రాజస్థాన్ నుంచి ఆగ్రా మీదుగా బెంగాల్లో డైమండ్ హార్బర్ దాకా సంపూర్ణంగా పోయింది, మాకు సూర్యుడు నెలవంకలా మిగిలాడు. నాన్నమ్మకి అంతకు ముందు ఏడాది తీసిన ఛాతీ ఎక్స్‌రే ఇంట్లో ఉంటే దాన్ని అడ్డంపెట్టి చూశాను. నాన్నమ్మ పక్కటెముకల మధ్యలో సూర్యుడు. ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది, కళ్ళకి ఇంకేమీ కాకపోవడం నా అదృష్టం. ఎముకలు కనిపిస్తున్నాయంటేనే ఆ ఫిల్ములో నల్లగా లేని చోట్లు ఉన్నాయని కదా. పైగా ఇప్పుడు ఇస్తున్న ఎక్స్‌రేలు చాలావరకు ఆ పాత కాలపు ఫిల్ములు కూడా కావు. మసి పట్టించిన గాజుముక్క, సీడీ, చలవ కళ్ళజోడు రెండు మూడు కలిపి పెట్టుకోవడం, ఇవన్నీ ఇదే బాపతు. కళ్ళకి చీకటిగా అనిపిస్తే చాలదు, కనిపించని కిరణాలు కూడా ఆగాలి.

ఇంక పళ్ళెంలో నీళ్ళు. పసుపు నీళ్ళలో చూడమంటారు, పేడ నీళ్ళలో చూడమంటారు, మా అమ్మ కూడా అన్నది. వినడానికి చల్లగా, భద్రంగా ఉంటుంది. లెక్క వేయండి. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు నీటి పైపొర నూటికి రెండు పాళ్ళ వెలుతుర్ని వెనక్కి కొడుతుంది, పొద్దు వాలేకొద్దీ ఇంకా ఎక్కువ. పనికొచ్చే గ్రహణం కళ్ళజోడు లోపలికి రానిచ్చేది మహా అయితే లక్షకి సుమారు మూడు పాళ్ళు. అంటే నీళ్ళలో కనిపించే సూర్యుడు ఆ కళ్ళజోడులో కనిపించేదానికంటే ఆరు వందల రెట్లకు పైగా ఎక్కువ. మన అయిదో నంబరు గాజుతో సమానం! పసుపు కలిపినా పేడ కలిపినా తేడా లేదు, ఎందుకంటే వెలుతురు తిరిగొచ్చేది పైపొర నుంచి, కింద ఏం కలిపారో దానికి అనవసరం.

మరి ఆ అట్ట కళ్ళజోళ్ళు? మంచివైతే మంచివే. ఐఎస్ఓ 12312-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ముద్ర ఉండాలంటారు, కానీ ముద్ర ఎవరైనా వేసుకోవచ్చు. 2019 డిసెంబరు గ్రహణానికి నేను ఆన్‌లైన్‌లో పది తెప్పించాను, ముద్ర బ్రహ్మాండంగా ఉంది. పెట్టుకుని షాపులో నిలబడితే ట్యూబులైటు కనిపించింది, ట్యూబులైటు కింద వేలాడుతున్న తాళ్ళ కట్ట కూడా కనిపించింది. అసలైన దాంట్లో ఇంట్లో నిలబడితే ఏమీ కనిపించకూడదు, నల్లగా గోడ కట్టినట్టు ఉండాలి, మహా అయితే ఫోను టార్చిని కంటి ముందు పెడితే చిన్న చుక్క మసగ్గా తెలియాలి. పదీ కత్తెరతో ముక్కలు చేసి పారేశాను. అమ్మినవాడి నుంచి డబ్బులు రాలేదు, ఆ మాట వేరే. మంచివి దొరికినా గీతలు పడ్డవి, మడత దగ్గర కన్నం పడ్డవి వద్దు. ఇది పెట్టుకుని బైనాక్యులర్‌లోంచి సూర్యుణ్ణి చూడటం అంతకంటే ఘోరం, కటకం పోగుచేసిన వేడికి ఆ ఫిల్ము కరిగిపోతుంది, ఆ తర్వాత కన్ను.

ఇంతకీ నేను చెప్పదలుచుకున్నది ఇది కాదు. సూర్యగ్రహణం చూడ్డానికి సూర్యుణ్ణి చూడనక్కర్లేదు. ఈ సంగతి నాకు తెలిసింది మా అమ్మ వల్ల, ఆవిడకి తెలిసింది గుణుపురంలో, 1980లో.

2020 జూన్ 21 ఆదివారం. కరోనా రోజులు, షాపు మూత. రాజస్థాన్, హర్యానా వైపు ఉంగరం, మాకు పన్నెండున్నర ప్రాంతంలో సగం దాకా కొరికినట్టు. జూన్ కదా, మబ్బులు వస్తున్నాయి పోతున్నాయి. నేను వంటింట్లోంచి ఇత్తడి జంతికల గొట్టం ఎత్తుకొచ్చాను. గ్రహణం వేళ వంటింటి సామాను ముట్టుకున్నందుకు అమ్మ దేవుడి గదిలోంచే కేకలు. కారప్పూస బిళ్ళ తీసి, పెరట్లో వంగి, సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు కాబట్టి బిళ్ళని గచ్చుకి మూరెడు ఎత్తున అడ్డంగా పట్టుకున్నాను. కింద సిమెంటు గచ్చు మీద దాని నీడ, నీడలో వెలుగు చుక్కలు. మబ్బు తొలగేసరికి ఒక్కో చుక్కా ఒక కొరికిన అప్పచ్చి. యాభై అరవై చిన్న చిన్న సూర్యుళ్ళు, అన్నిటికీ ఒకే వైపు ముక్క పోయింది. మా అమ్మాయి కింద కూర్చుని లెక్కపెడుతోంది. మళ్ళీ చక్రాల బిళ్ళని తల ఎత్తున పట్టుకుని చూశాను, నక్షత్రం ఆకారంలో కన్నం ఉంటుందే, అది. నక్షత్రం పడలేదు. కొంచెం మసగ్గా ఉన్నా, పడింది కొరికిన సూర్యుడే. కన్నం ఆకారం ఏదైనా సరే, చిన్నదై, కింది గచ్చుకి తగినంత ఎత్తులో ఉంటే సూర్యుడి ఆకారమే పడుతుంది.

కేకలు ఆగిపోయాయని తల తిప్పితే అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. కొంగు తల మీద కప్పుకుని, గడప దాటకుండా, గచ్చు వంక చూస్తోంది. "ఇవి నేను చూశాన్రా" అంది.

1980 ఫిబ్రవరి 16. అప్పటికి అక్క కడుపులో ఉంది, అమ్మ పురిటికి గుణుపురం పుట్టింటికి వెళ్ళింది. ఆనాటి సంపూర్ణ గ్రహణం కర్ణాటక తీరం నుంచి రాయచూరు, నల్గొండ, ఖమ్మం మీదుగా వచ్చి పూరీ, కోణార్క్ దగ్గర సముద్రంలోకి పోయింది. గుణుపురం ఆ దారిలోనే ఉంది. హైదరాబాద్ దగ్గర రంగాపూర్‌లో శాస్త్రవేత్తలు టెలిస్కోపులు బిగించుకుని కూర్చుంటే, ఇక్కడ ఊళ్ళకి ఊళ్ళు తలుపులు మూసేశాయి. (1868లో జాన్సెన్ అనే ఫ్రెంచాయన పడవెక్కి గుంటూరు దాకా వచ్చి గ్రహణం చూసి సూర్యుడి మంటల్ని పరిశీలించి పోయాడు, మనం మాత్రం వాకిట్లోకి వచ్చిన దానికి గడియ వేశాం.) కడుపుతో ఉన్న మనిషి కాబట్టి అమ్మని మధ్య గదిలో చాప వేసి పడుకోబెట్టారు. కదలకూడదు, గోక్కోకూడదు, కూర తరగకూడదు, కళ్ళు మూసుకుని ఉండాలి. తలుపులు, కిటికీలు బిగించి, సందుల్లో గోనెపట్టాలు దోపింది అమ్మమ్మ.

పైన ఉన్నది పెంకుల కప్పు. పెంకుల సందులకి ఎవరు గోనెపట్టా దోపుతారు?

అమ్మ కదలకూడదు కాబట్టి గోడ వంకే చూస్తూ పడుకుంది, కళ్ళు మూసుకోకుండా. చీకటి గదిలో తూర్పు గోడ మీద రోజూ మధ్యాహ్నం పూట రూపాయి బిళ్ళలంత గుండ్రటి వెలుగులు పడతాయి, పెంకుటింట్లో పెరిగిన వాళ్ళెవరికైనా ఇవి తెలుసు, వాటిలో దుమ్ము పైకి లేవడం చూస్తూ నిద్రపోయిన వాళ్ళమే అందరం. ఆ బిళ్ళలకి ఒక వైపు అంచు తరుగుతూ వచ్చిందట. సగమయ్యాయి. తర్వాత కోసిన గోళ్ళలా అయ్యాయి, గోడ నిండా, అన్నీ ఒకే వైపు తిరిగి. నాలుగు కావస్తుండగా ఒక్కసారి అన్నీ ఆరిపోయాయి. బయట కోళ్ళు గూటికి చేరిన చప్పుడు, ఎక్కడో కుక్క. సుమారు రెండు నిమిషాలు. మళ్ళీ గోడ మీద గోళ్ళు మొలిచాయి, ఈసారి రెండో వైపు తిరిగి.

ఎవరికీ చెప్పలేదట. చూడొద్దన్నది చూసింది, ఇంక బిడ్డకి ఏదో అవుతుందని భయం. అక్క పుట్టాక మొట్టమొదట పెదవే చూసుకుందట, గ్రహణం మొర్రి ఉందేమోనని. అక్క ఇప్పుడు బరంపురంలో ఉంటుంది, పెదవికి ఏమీ లేదు, నోటి సంగతి మా బావని అడగాలి. నలభై ఏళ్ళు అమ్మ ఈ మాట లోపల దాచుకుంది. ఊరంతా తలుపులు వేసుకున్న రోజున, ఆ ఇంట్లో అందరికంటే బాగా, అందరికంటే క్షేమంగా గ్రహణాన్ని చూసింది కదలొద్దని పడుకోబెట్టిన మనిషి.

అప్పట్నుంచీ నా పద్ధతి ఇదే. అట్టముక్కకి మేకుతో ఒక కన్నం, సూర్యుడికి వీపు పెట్టి నిలబడటం, ముందున్న తెల్ల కాగితం మీద చూడటం. కన్నంలోంచి సూర్యుణ్ణి చూడటం కాదు, ఈ ముక్క పిల్లలకి మూడుసార్లు చెప్పాలి, ఎందుకంటే కన్నం కనిపిస్తే కన్ను పెట్టబుద్ధవుతుంది. కన్నానికీ కాగితానికీ ఎంత దూరముంటే బొమ్మ అందులో నూట తొమ్మిదో వంతు ఉంటుంది, ఒక మీటరుకి సెంటీమీటరు కన్నా కాస్త తక్కువ. చిన్నగా ఉందని చిరాకు పడేవాళ్ళకి ఇంకోటి ఉంది. జేబు అద్దం తీసుకుని, పావలా బిళ్ళకంటే చిన్న కన్నం చేసిన నల్ల కాగితం దాని మీద అంటించి, ఎండలో ఇసుక పోసిన గిన్నెలో గుచ్చి నిలబెట్టండి, ఆ వెలుగుని చీకటి గదిలో గోడ మీదికి తిప్పండి. మా గోడౌన్ లోపలి గోడ అద్దం దగ్గర్నుంచి పదకొండు మీటర్లు, అక్కడ సూర్యుడు పది సెంటీమీటర్లు పడతాడు, చిన్న దోశంత. వీధి వీధంతా ఒకేసారి చూడొచ్చు. కుర్రాళ్ళు అద్దం వైపు తిరిగి దాన్లోకి చూడకుండా ఒక మనిషి కాపలా ఉండాలి, అంతే. సూర్యుడు జరుగుతూ ఉంటాడు కాబట్టి గిన్నెని అప్పుడప్పుడు తిప్పుకోవాలి. ఇదీ లేదంటే చింతచెట్టు కిందికి పొండి, ఆకుల సందుల్లోంచి పడేవన్నీ సూర్యుడి బొమ్మలే.

నమ్మకాల జోలికి నేను పోను. మా ఇంట్లో ఆవకాయ జాడీ మీద దర్భ పడాల్సిందే, పట్టు స్నానం, విడుపు స్నానం అమ్మ చేయాల్సిందే. రోకలి నిలబెట్టేవాళ్ళు నిలబెట్టుకోవచ్చు, అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. 2022లో దీపావళి మర్నాడు గ్రహణం వస్తే ఒడిశాలో సెలవు కూడా ఇచ్చారు, భువనేశ్వర్‌లో కొందరు హేతువాదులు పంతానికి బిర్యానీ తిన్నారు, దాని మీద పెద్ద గొడవ. నాకు రెండు పక్షాల వాళ్ళూ ఒకే పని చేసినట్టు అనిపించింది, ఎవరూ ఆకాశం వైపు మొహం పెట్టలేదు. ఆ రోజు మాకు అయిదు ప్రాంతంలో మొదలై అరగంట తిరక్కుండానే పొద్దు కుంకింది, గోడౌన్ గోడ మీద చిన్న నొక్కు పడిన ఎర్రటి బిళ్ళ చూసి వచ్చేశాం. మా పక్క షాపు ఒడియా ఆయన అది చూసి, "పఠాణి సామంత కూడా ఇంతే, వెదురు పుల్లలు" అన్నాడు. ఖండపడాలో పుట్టి, టెలిస్కోపు ముట్టకుండా వెదురు గొట్టాలు, పుల్లలతో గ్రహాల లెక్కలు కట్టి తాటాకుల మీద రాసిపెట్టిన మనిషి ఆయన, 1904 దాకా ఉన్నారు. భువనేశ్వర్‌లో ప్లానెటేరియం ఆయన పేరు మీదే ఉంది. నా జంతికల గొట్టాన్ని ఆయన పక్కన పెట్టినందుకు ఆ సాయంత్రం టీ నేనే ఇప్పించాను.

మనకి బాగా కనిపించబోయేది 2031 మే 21. కేరళ, తమిళనాడు మీదుగా ఉంగరం పోతుంది, మనకి పాక్షికం, మిట్టమధ్యాహ్నం, మే నెల మండుటెండ, మబ్బు ఉండే రోజులు కావు. ఉంగరం కనిపించే ఊరికి పోయినా అక్కడ కూడా ఒక్క క్షణం ఉత్త కన్నుతో చూడకూడదు, ఆ వీలు సంపూర్ణ గ్రహణంలో పూర్తిగా మూసుకున్న ఆ కొద్ది నిమిషాలకే. అది మన దేశంలో మళ్ళీ 2034 మార్చి 20న, కశ్మీరు, లడఖ్ వైపు. అప్పటికి అమ్మకి డెబ్బై దాటుతాయి. తీసుకెళ్తానంటే "గ్రహణానికి అంత దూరం ఏటిరా, నేను చూసేశాను" అంటోంది.

ఇంక ఆ పాతపట్నం పెద్దాయన. ఉత్త చేతులతో పంపడం మనసొప్పక పెయింటు డబ్బా అట్టపెట్టె లోంచి జానెడు ముక్క చింపి, మేకుతో కన్నం పొడిచి, షాపు ముందు మెట్టు మీద చూపించాను. పొద్దుటి ఎండలో అట్ట నీడ, మధ్యలో చిన్న గుండ్రటి వెలుగు. ఆయన వంగి చూశారు, అట్ట అందుకుని పైకీ కిందికీ జరిపారు, వెలుగు పెద్దదవుతోంది, చిన్నదవుతోంది. "ఇదేటి, ఇంతేనా? మేకు కన్నం." "అంతే తాతా." "ఎంత?" "ఊరికే." కాసేపు ఆలోచించి, "మనవలు అయిదుగురు, మేకులు కావాలి కదా" అని పావుకేజీ కట్టించుకున్నారు. అట్టముక్క చొక్కా లోపల పెట్టుకుని మోపెడ్ స్టార్ట్ చేస్తుంటే ఆగస్టు 2న ఏమీ లేదని ఇంకోసారి అరిచి చెప్పాను. చెయ్యి ఊపారు గానీ, వినపడినట్టు లేదు.